లైట్‌కర్వ్ రివ్యూ: నక్షత్రం సైజు చెప్పేస్తుంది, వయసు దగ్గర ఆగిపోతుంది

నక్షత్రాల కంపనాల నుంచి వాటి సైజు ఎలా లెక్కగడతారో స్వయంగా చేసి చూడాలనుకునేవాళ్లకి నేను ముందుగా చెప్పే పేరు లైట్‌కర్వ్. పైథాన్ ప్యాకేజీ, ఉచితం, ఓపెన్ సోర్స్. కెప్లర్, టెస్ అంతరిక్ష టెలిస్కోపుల డేటాని మాస్ట్ అనే ఆన్‌లైన్ ఆర్కైవ్ నుంచి అదే వెతికి దించుకుంటుంది.

విషయం తెలియనివాళ్ల కోసం కాస్త: సూర్యుడి లాంటి నక్షత్రాల పైపొరల్లో వేడి వాయువు ఎప్పుడూ మరుగుతూనే ఉంటుంది, ఆ కుదుపులకి నక్షత్రం మొత్తం గంటలా మోగుతుంది, దాంతో వెలుగు పది లక్షల్లో కొద్ది వంతులు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. సూర్యుడిలో ఇది సుమారు 5 నిమిషాలకోసారి. స్పెక్ట్రమ్‌లో, అంటే ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర కంపనం ఎంత బలంగా ఉందో చూపే గ్రాఫ్‌లో, రెండు అంకెలు పట్టుకోవాలి. ఒకటి న్యూమ్యాక్స్, అంటే కంపనాలు బాగా బలంగా ఉన్న చోటు, సూర్యుడికి సుమారు 3,090 మైక్రోహెర్ట్జ్. రెండోది డెల్టా న్యూ, ఒకే రకం శిఖరాలు ఎంతెంత దూరంలో మళ్లీ వస్తున్నాయన్నది, సూర్యుడికి సుమారు 135 మైక్రోహెర్ట్జ్. మొదటిది ఉపరితల గురుత్వాన్ని, రెండోది సగటు సాంద్రతని చెబుతాయి కాబట్టి ఉష్ణోగ్రత కూడా తెలిస్తే వ్యాసార్థం, ద్రవ్యరాశి రెండూ వచ్చేస్తాయి.

లైట్‌కర్వ్ ఈ పనంతా నాలుగైదు లైన్ల కోడ్‌లో చేసేస్తుంది. నాకు అంతకంటే నచ్చింది, అంకె ఎలా వచ్చిందో దాచకపోవడం. డయాగ్నోజ్ ఫంక్షన్ పిలిస్తే ఏ శిఖరాన్ని చూసి ఆ విలువ ఎంచుకుందో బొమ్మ గీసి చూపిస్తుంది, నమ్మాలో వద్దో మనమే తేల్చుకోవచ్చు.

ఇక ఎషెల్ ప్లాట్ గురించి ఎంత చెప్పినా తక్కువే. స్పెక్ట్రమ్‌ని డెల్టా న్యూ పొడవున ముక్కలు చేసి ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. విలువ సరిగ్గా ఉంటే శిఖరాలు నిలువు గీతల్లా వరుస కడతాయి, కొంచెం తేడా ఉన్నా గీతలు పక్కకి వాలిపోతాయి. స్లైడర్ జరుపుతూ ఆ గీతలు నిటారుగా నిలబడేదాకా సరిచేస్తుంటే టైమే తెలియదు. మంచి డేటా ఉన్న నక్షత్రానికి ఒక గీత విడిగా, రెండు గీతలు దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. ఆ రెండింటి మధ్య సన్నటి సందు ఉంది చూశారూ, వయసు గుట్టంతా అక్కడే ఉంది. కేంద్రంలో హైడ్రోజన్ హీలియంగా మారేకొద్దీ అక్కడ ధ్వని వేగం మారుతుంది, సందు తగ్గుతూ వస్తుంది.

కానీ దాన్ని కొలిచి వయసు చెప్పే ఫంక్షన్ ఇందులో లేదు. ఉండాల్సిందని నాకు గట్టిగా అనిపిస్తుంది, కనీసం సందు కొలిచేంత వరకైనా. వయసు తేలాలంటే ఆ కొలతల్ని నక్షత్ర పరిణామ మోడళ్లతో పోల్చాలి, అది వేరే సాఫ్ట్‌వేర్ పని. 16 సిగ్ని అనే జంట నక్షత్రాలకి సుమారు 700 కోట్ల ఏళ్లని, కెప్లర్-444 అనే నక్షత్రానికి సుమారు 1,120 కోట్ల ఏళ్లని తేల్చింది అలాగే. సైజు విషయంలో మాత్రం పద్ధతి మీద నాకు అనుమానం లేదు: ఆ జంటలో ఒకటైన 16 సిగ్ని ఎ విలువలు (న్యూమ్యాక్స్ 2,188, డెల్టా న్యూ 103) సూత్రంలో వేస్తే వ్యాసార్థం సూర్యుడికి 1.22 రెట్లు వస్తుంది, ఇంటర్‌ఫెరోమీటర్‌తో (అనేక టెలిస్కోపుల వెలుగుని కలిపి చూసే పరికరం) నేరుగా కొలిచినా అంతే వచ్చింది.

ఒక జాగ్రత్త. ఉష్ణోగ్రత మీరు ఇవ్వకపోతే డేటా ఫైల్లో ఉన్నదే వాడేసుకుంటుంది. కెప్లర్ తొలి కేటలాగ్‌లో సూర్యుడి లాంటి నక్షత్రాల ఉష్ణోగ్రతలు సుమారు 200 కెల్విన్లు తక్కువగా ఉన్నాయని తర్వాత తేలింది. దాంతో వ్యాసార్థం రెండు శాతం లోపే మారుతుంది గానీ ద్రవ్యరాశి దాదాపు 5 శాతం మారిపోతుంది. స్పెక్ట్రోస్కోపీతో, అంటే నక్షత్రం వెలుగుని రంగులుగా విడదీసి కొలిచిన విలువ దొరికితే అదే ఇవ్వండి.

ఇంకోటి, సూర్యుడి లాంటి నక్షత్రానికి కెప్లర్ షార్ట్ కేడెన్స్ డేటానే (సుమారు నిమిషానికోసారి తీసిన కొలతలు) తీసుకోండి. అరగంటకోసారి తీసిన కొలతల్లో 5 నిమిషాల కంపనం పట్టుబడదు. రెడ్ జెయింట్ల (వయసు మీరి బాగా ఉబ్బిన నక్షత్రాలు) కంపనాలు గంటల నుంచి రోజుల దాకా సాగుతాయి కాబట్టి వాటికి అరగంట డేటా సరిపోతుంది, అలాంటి నక్షత్రాలు వేలల్లో ఉన్నాయి. కొత్తవాళ్లు వాటితో మొదలుపెడితే హాయి.