పది గడుల మూత్రం స్ట్రిప్పు: ఉద్దానంలో దేనికి పనికొస్తుంది, దేనికి రాదు

డబ్బాకు వంద స్ట్రిప్పులు, ఒక్కో స్ట్రిప్పు మీద పది రంగు గడులు. కరెంటు అక్కర్లేదు, రెండు నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది. అందుకే ఊళ్ళో కిడ్నీ శిబిరం పెడితే సంచిలోంచి ముందు బయటికొచ్చేది ఇదే. షుగరు వల్ల కిడ్నీలు పాడయ్యే చోట ఇది మంచి వస్తువే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు మాత్రం దీన్నొక్కదాన్నే నమ్ముకుంటే, జబ్బున్న మనిషికి ‘ఏమీ లేదు’ అని చెప్పి పంపేసినట్టవుతుంది.

కారణం ప్రోటీన్ గడిలోనే ఉంది. అందులోని రంగు ముఖ్యంగా అల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రోటీన్) తగిలితేనే పసుపు నుంచి ఆకుపచ్చకు మారుతుంది. షుగరు జబ్బులో కిడ్నీలోని వడపోత గుచ్ఛాలు దెబ్బతిని అల్బుమిన్ బయటికి కారుతుంది, గడి పట్టేస్తుంది. ఉద్దానం జబ్బులో, అంటే కారణం ఇంకా తేలని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బులో, దెబ్బ ఎక్కువగా సన్నటి నాళికలకూ, వాటి చుట్టూ ఉన్న కణజాలానికీ తగులుతుంది. అల్బుమిన్ పెద్దగా పోదు. నాళికలు తిరిగి పీల్చుకోలేక వదిలేసే బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ లాంటి చిన్న ప్రోటీన్లు ఈ గడికి కనబడవు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) బాగా పెరిగిన మనిషికి కూడా స్ట్రిప్పు నెగటివ్ గానో, ‘ట్రేస్’ (లేశమాత్రం) గానో రావడం అందుకే. పెద్దవాళ్ళలో సుమారు ఐదుగురికి ఒకరు ఈ జబ్బుతో ఉన్న ప్రాంతంలో ఇది చిన్న లోపం కాదు.

దీనికి తిరగబడిన తప్పు కూడా జరుగుతుంది. ఎండలో జీడితోట పని చేసి వచ్చిన మనిషి మూత్రం చిక్కగా ఉంటుంది. అందులో కొంచెం అల్బుమిన్ ఉన్నా గడి ‘ట్రేస్’ చూపిస్తుంది. మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే స్పెసిఫిక్ గ్రావిటీ గడి 1.030 (బాగా చిక్కన) అంటే ఆ ట్రేస్‌కు పెద్ద విలువ ఇవ్వక్కర్లేదు, మర్నాడు పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రంతో మళ్ళీ చూడాలి. అదే గడి తెల్లవారి మూత్రంలో కూడా పదేపదే 1.010 దగ్గరే నిలబడిపోతే మాకు అనుమానం పెరుగుతుంది. రాత్రంతా నీళ్ళు తాగకపోయినా మూత్రం చిక్కబడలేదంటే నాళికలు పని చేయడం లేదేమో. ఈ స్ట్రిప్పులో ఉద్దానానికి అక్కరకొచ్చే గడి ఇదేనని మా అభిప్రాయం, శిబిరాల్లో ఎక్కువమంది చూడకుండా వదిలేసేది కూడా దీన్నే.

వాడకంలో తప్పులు చాలావరకు డబ్బా మూత దగ్గరే మొదలవుతాయి. సముద్రపు గాలి తేమకు గడులు ముందే రంగు మారతాయి. ఒక స్ట్రిప్పు తీయగానే మూత బిగించాలి, లోపలి తేమ పీల్చే పొట్లం పారేయకూడదు, ఫ్రిజ్‌లో పెట్టకూడదు, 30 డిగ్రీలు దాటే చోట వదలకూడదు. మధ్యాహ్నం ఎండలో ఆగిన జీపులో డబ్బా ఉండిపోతే ఆ డబ్బాను నమ్మకండి. స్ట్రిప్పును ముంచి వెంటనే తీసి, అంచును గిన్నెకు తాకించి అదనపు చుక్క రాల్చాలి. ఎక్కువసేపు ముంచితే గడిలోని మందు కడుక్కుపోయి లేని ప్రోటీన్ ఉన్నట్టు కనిపిస్తుంది. ప్రోటీన్‌ను 60 సెకన్లకు చదవాలి, అదీ పగటి వెలుగులో. పసుపు బల్బు కింద పసుపుకూ లేత ఆకుపచ్చకూ తేడా తెలియదు. మూత్రం పట్టే సీసాను క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందుతో కడిగితే తప్పుడు పాజిటివ్ వస్తుంది. విటమిన్ సి బిళ్ళలు ఎక్కువగా వాడేవాళ్ళలో రక్తం, గ్లూకోజు గడులు ఉన్నదాన్ని కూడా లేదనొచ్చు.

కాబట్టి స్ట్రిప్పు కొనండి, దాంతో పాటు రక్తంలో క్రియాటినిన్ తప్పకుండా చూడండి. కాగితం మీద ఒట్టి క్రియాటినిన్ అంకె చాలదు, వయసు, ఆడామగా లెక్కలోకి తీసుకుని కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో అంచనా వేసే ఈజీఎఫ్ఆర్ కావాలి. దాన్ని లెక్కకట్టే 2021 సీకేడీ-ఈపీఐ సూత్రం ప్రకారం క్రియాటినిన్ 1.2 (డెసిలీటరుకు మిల్లీగ్రాములు) ఉన్న 30 ఏళ్ళ మగమనిషికి ఈజీఎఫ్ఆర్ 83 దాకా వస్తుంది. అదే 1.2 ఉన్న 55 ఏళ్ళ ఆడమనిషికి 53. ల్యాబు కాగితం మీద ఇద్దరిదీ ‘నార్మల్’ అని పడిపోవచ్చు. 60 కంటే తక్కువ వచ్చిందని ఆ రోజే జబ్బు ముద్ర వేయకూడదు, మూడు నెలలు దాటాక కూడా తక్కువే ఉంటేనే దీర్ఘకాలిక జబ్బు. ముందు రోజు రాత్రి వేటమాంసమో, చేపల పులుసో దండిగా తింటే క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది. నమూనా తీశాక సీరం వేరు చేయకుండా గంటల తరబడి ఉంచేసినా, ముఖ్యంగా జాఫే పద్ధతిలో (క్రియాటినిన్‌ను రంగు మార్పుతో కొలిచే పాత పద్ధతి), అంకె పెరుగుతుంది. ఎంజైమ్ పద్ధతి ఉన్న ల్యాబు దొరికితే అదే మేలు.

పరిశోధనకు లెక్కలు తీసే బృందాలకైతే స్ట్రిప్పు రంగును బట్టి చెప్పే ‘ప్లస్ వన్’, ‘ప్లస్ టూ’ అనే మాటలు చాలవు. స్ట్రిప్పు పాజిటివ్ వచ్చినవాళ్ళకే కాదు, అందరికీ మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి చూడాలి. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల అల్బుమిన్ గీత. ప్రతి ఫలితం పక్కన స్ట్రిప్పు లాట్ నంబరు, గడువు తేదీ, డబ్బా తెరిచిన రోజు, నమూనా తీసిన వేళ, ఆ మనిషి ఆ రోజు ఎండలో పనికి వెళ్ళాడా లేదా రాసిపెట్టాలి. ఈ వివరాలు లేకపోతే మార్చిలో మందసలో తీసిన అంకెలనూ, మేలో ఇచ్ఛాపురంలో తీసిన అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు తేడా జబ్బుదో, ఎండదో చెప్పడం కుదరదు.