ఉక్రెయిన్ సైరన్ యాప్, పొరుగు దేశాల అలర్ట్‌లు: ఏది ఎంతవరకు పనికొస్తుంది

‘పొవిత్రియానా త్రివోహా’ అంటే ఆకాశం నుంచి ముప్పు వస్తోందని హెచ్చరిక. ఉక్రెయిన్‌లో లక్షల ఫోన్లలో ఉన్న యాప్ పేరు ఇది. 5కి 4 ఇవ్వొచ్చు. తగ్గించిన ఆ ఒక్క మార్కు ఎందుకో తెలుసుకోకుండా దీన్ని నమ్ముకోవడం మాత్రం ప్రమాదం.

2022 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున రష్యా దండయాత్ర మొదలైనప్పుడు జనానికి వీధి సైరన్లే దిక్కు. కిటికీలన్నీ బిగించుకుని తొమ్మిదో అంతస్తులో నిద్రపోయేవాళ్ళకు ఆ మోత సరిగ్గా వినపడదు. ఊరి చివరి కాలనీల్లో అసలు సైరనే ఉండదు. ఆ లోటు తీర్చడానికి ఇళ్ళకు అలారం పరికరాలు చేసే కీవ్ కంపెనీ అజాక్స్ సిస్టమ్స్, స్ట్‌ఫాల్కన్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ కలిసి, అక్కడి డిజిటల్ శాఖ తోడ్పాటుతో మార్చిలోనే ఈ యాప్ తెచ్చాయి. ఖాతా తెరవక్కర్లేదు, ఫోన్ నంబర్ అడగదు. మన ప్రాంతం ఎంచుకుంటే చాలు. వైమానిక దళం నుంచి సమాచారం రాగానే ఆ ప్రాంత పాలనాయంత్రాంగంలో డ్యూటీలో ఉన్న ఆపరేటర్ హెచ్చరిక పంపుతాడు, లక్షల ఫోన్లు ఒకేసారి మోగుతాయి. ముప్పు తొలగాక వచ్చే రెండో కబురు ‘విద్బీయ్’, అంటే ఇక బయటికి రావచ్చని. ఇంగ్లిష్ పెట్టుకుంటే 2023 నుంచి హాలీవుడ్ నటుడు మార్క్ హామిల్ గొంతు వినిపిస్తుంది. విదేశీయులకు అది బాగా ఉపయోగపడింది.

ప్రాంతం ఎంచుకోవడంలోనే చాలామంది తప్పు చేస్తారు. అక్కడ ఒబ్లాస్త్ అంటే ఇంచుమించు మన పాత ఉమ్మడి జిల్లా. దాని కింద రయోన్, ఆ కింద హ్రొమాదా. మొత్తం ఒబ్లాస్త్‌ని ఎంచుకుంటే 150 కిలోమీటర్ల అవతలి ముప్పుకి కూడా ఫోన్ అరుస్తుంది. రోజుకి అయిదారుసార్లు అలా అరిస్తే మూడో రోజుకి మనిషి లేవడం మానేస్తాడు. చాలా ఒబ్లాస్త్‌లలో ఇప్పుడు హెచ్చరికలు రయోన్ వారీగానే ఇస్తున్నారు కాబట్టి రయోన్ స్థాయిలో పెట్టుకోవడమే మంచిది. వేరే ఊరు వెళ్ళినప్పుడు ప్రాంతం మారిందో లేదో వెంటనే చూసుకోవాలి. తెర్నోపిల్ పెట్టుకుని కీవ్‌లో పడుకుంటే ఆ రాత్రి ఫోన్ నోరెత్తదు.

రెండో తప్పు ఆండ్రాయిడ్ ఫోన్లలో. బ్యాటరీ ఆదా చేయడానికి ఫోనే వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తుంది, ఈ యాప్ కూడా అందులో పోతుంది. సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్ళి, బ్యాటరీ దగ్గర ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ పెట్టాలి. షావోమీ ఫోన్ అయితే ‘ఆటోస్టార్ట్’ కూడా ఆన్ చేయాలి. సామ్‌సంగ్‌లో ‘నెవర్ స్లీపింగ్’ జాబితాలో చేర్చాలి. డు నాట్ డిస్టర్బ్‌ని దాటి మోగడానికి అనుమతి విడిగా ఇవ్వాలి. ఐఫోన్‌లో పని తేలిక: మొదటిసారి తెరిచినప్పుడు ‘క్రిటికల్ అలర్ట్స్’కి సరే అంటే సైలెంట్‌లో ఉన్నా మోగుతుంది. అప్పుడు వద్దని నొక్కినవాళ్ళు నోటిఫికేషన్ సెట్టింగ్స్‌లో వెతికి ఆన్ చేసుకోవాలి. ఇదంతా పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి తిరుగులేని పరీక్ష ఒకటుంది. తరచూ హెచ్చరికలు వచ్చే సుమీనో ఖార్కివ్‌నో ఒక రోజు అదనంగా పెట్టుకుని, ఫోన్‌ని సైలెంట్ చేసి, స్క్రీన్ ఆపి బల్ల మీద పడేయండి. మోగితే సరే. మోగకపోతే పై సెట్టింగుల్లో ఏదో మిగిలిపోయినట్టే. లుహాన్‌స్క్‌తో ఈ పరీక్ష కుదరదు. అక్కడ 2022 ఏప్రిల్‌లో మొదలైన హెచ్చరిక ఎత్తేయనే లేదు, మ్యాప్‌లో ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది.

ఇక మార్కు ఎందుకు తగ్గిందంటే, మోత ఒకటే, దాని వెనక ముప్పులు వేరువేరు. రష్యాలో మిగ్-31కె విమానం గాల్లోకి లేస్తే ఉక్రెయిన్ అంతటా సైరన్ మోగుతుంది, ఎందుకంటే అది మోసుకెళ్ళే కింజాల్ క్షిపణి ఎక్కడికైనా నిమిషాల్లో చేరగలదు. ఎన్నోసార్లు ఆ విమానం ఏమీ వదలకుండానే తిరిగి దిగుతుంది. షాహెద్ డ్రోన్లది ఇంకో తీరు. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో, దారులు మార్చుకుంటూ, గంటల తరబడి తిరుగుతాయి. వాటి ఇంజిన్ చప్పుడుని బట్టి జనం ‘మోపెడ్లు’ అంటారు. టియు-95 బాంబర్లు వదిలే క్రూయిజ్ క్షిపణులైతే విమానాలు లేచినప్పటి నుంచి క్షిపణి చేరేదాకా గంటల వ్యవధి దొరుకుతుంది. ఇస్కందర్ లాంటి బాలిస్టిక్ క్షిపణికి కీవ్‌లో కూడా ఉండేవి కొద్ది నిమిషాలే. ఖార్కివ్ సంగతి మరీ దారుణం. సరిహద్దు 30 కిలోమీటర్ల దూరంలోనే ఉంది, పేలుడు ముందు వినిపించి సైరన్ తర్వాత మోగిన సందర్భాలున్నాయి. అందుకే ఆ ఊళ్ళో 2023 నుంచి పిల్లలకు మెట్రో స్టేషన్లలో బళ్ళు నడుపుతున్నారు. సైరన్ విని పరుగెత్తే వ్యవధి లేదు కాబట్టి, పిల్లల్ని ముందే భూమి కింద కూర్చోబెట్టారు.

కాబట్టి ఈ యాప్‌కి తోడుగా వైమానిక దళం అధికారిక టెలిగ్రామ్ ఛానల్ ఉండాలి. ఏ రకం ముప్పు, ఎటు నుంచి ఎటు వెళ్తోందో అందులో ఒక్కో వాక్యంలో వస్తుంది. పేరూ ఊరూ లేని ‘మానిటరింగ్’ ఛానళ్ళు ఇంకా వేగంగా రాస్తాయి గానీ, తప్పు రాసినా అడిగే నాథుడు లేడు. బాలిస్టిక్ అని చూస్తే మెట్లు దిగే ప్రయత్నం చేయకూడదు, ఇంట్లోనే ‘రెండు గోడల సూత్రం’ పాటించాలి. బయటి గోడ పేలుడు దెబ్బని తట్టుకుంటుంది, లోపలి గోడ ఎగిరొచ్చే గాజు పెంకుల్ని ఆపుతుంది. మధ్య నడవాలో, కిటికీ లేని చోట నేల మీద కూర్చోవాలి. బాత్రూమ్‌లోకి దూరడం చాలామంది చేసే పొరపాటు. అక్కడి టైల్స్, అద్దం, పింగాణీ అన్నీ పగిలి ముక్కలై మీదికే వస్తాయి.

ఇంకో లోపం యాప్‌ది కాదు, కరెంటుది. 2022 అక్టోబర్ 10 నుంచి రష్యా విద్యుత్ కేంద్రాలు, సబ్‌స్టేషన్ల మీద వరసగా దాడులు చేస్తోంది. కరెంటు పోయిన కొన్ని గంటలకు సెల్ టవర్ బ్యాటరీలు కూడా అయిపోతాయి. ఇంటర్నెట్ లేకపోతే ఈ యాప్ మూగదే. పవర్ బ్యాంకు, బ్యాటరీలతో నడిచే చిన్న ఎఫ్ఎం రేడియో పక్కన ఉండాల్సిందే. ఆ చలికాలం ఉక్రెయిన్ వంటిళ్ళలో టార్చి లైటు, నీళ్ళ సీసాలు గుమ్మం పక్కనే కనిపించడానికి కారణం అదే.

నాలుగో ఏడు దాటాక, మోత విన్న ప్రతివాడూ షెల్టర్‌కి పోతున్నాడా అంటే లేదు. చాలామంది టెలిగ్రామ్ చూసి, డ్రోన్ తమ ఊరి వైపు కాదనుకుంటే పక్కకి తిరిగి పడుకుంటారు. దూరం నుంచి చూసేవాళ్ళు దీన్ని నిర్లక్ష్యం అనడం అన్యాయం. రాత్రి మూడుసార్లు లేచిన తల్లి ఉదయం ఎనిమిదింటికి ఉద్యోగానికి వెళ్ళాలి. కానీ ఆ అలసటని లొంగుబాటుగా చదవడం కూడా తప్పే. కీవ్ అంతర్జాతీయ సామాజిక శాస్త్ర సంస్థ సర్వేల్లో, భూభాగం వదులుకోవడానికి ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోమన్నవాళ్ళు 2022 మేలో 82 శాతం. 2024 డిసెంబర్‌కి అది 51కి దిగింది. అన్ని నిద్రలేని రాత్రుల తర్వాత కూడా సగం మందికి పైగా అదే మాట మీద ఉన్నారన్నది మర్చిపోకూడదు. దేశం దాటిన శరణార్థుల్లో కూడా ఎందరో ఈ యాప్‌ని తీసేయలేదు. వార్సాలో ఉంటూ అమ్మ ఉన్న ఊరి పేరే అందులో ఉంచుకున్నారు.

దాడి చేస్తున్న దేశంలో సామాన్యుడికి యుద్ధం వేరే రూపంలో ఎదురవుతోంది. ఉక్రెయిన్ డ్రోన్లు వస్తున్నాయంటూ 2025లో రష్యాలోని అనేక ప్రాంతాల్లో మొబైల్ ఇంటర్నెట్‌నే ఆపేశారు. నెట్ మీద నడిచే హెచ్చరిక యాప్ సరిగ్గా అవసరమైన వేళకే పనికిరాకుండా పోతుంది, కార్డు చెల్లింపులు కూడా ఆగుతాయి. బెల్గొరోద్ బస్‌స్టాపుల్లో కాంక్రీటు షెల్టర్లు పెట్టారు. అయినా ఈ యుద్ధాన్ని ఏమని పిలవాలో అక్కడ జనం చేతిలో లేదు. సైన్యం గురించి ‘తప్పుడు సమాచారం’ చెప్తే 15 ఏళ్ళ వరకు జైలు అని 2022 మార్చిలోనే చట్టం తెచ్చారు. అందుకని రష్యన్ల మనసులో మాటని సర్వే అంకెల్లో వెతకడం మీద నమ్మకం తక్కువ ఉంచుకోవాలి.

పొరుగు దేశాల హెచ్చరిక వ్యవస్థల్లో రొమేనియాది మేలు. రో-అలర్ట్ సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతిలో నడుస్తుంది: టవర్ పరిధిలో ఉన్న ప్రతి ఫోన్‌కి నేరుగా, పెద్ద మోతతో వస్తుంది. యాప్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు. 2023లో మన టెలికాం శాఖ పరీక్షగా పంపినప్పుడు ఫోన్లన్నీ ఒక్కసారిగా అదిరిపడ్డాయే, అదే పద్ధతి. డాన్యూబ్ నదికి ఇవతల ప్లౌరు అనే చిన్న పల్లె ఉంది, అవతల ఉక్రెయిన్ రేవు ఇజ్మయిల్. 2023 జూలైలో నల్లసముద్రం మీదుగా ఉక్రెయిన్ ధాన్యం ఎగుమతికి కుదిరిన ఒప్పందం నుంచి రష్యా తప్పుకున్నాక ఆ రేవు మీద డ్రోన్లు మొదలయ్యాయి, సెప్టెంబర్‌లో రొమేనియా గడ్డ మీదే ముక్కలు దొరికాయి. సైన్యం వచ్చి ప్లౌరులో కాంక్రీటు షెల్టర్లు కట్టింది. ఉక్రెయిన్ రేవుల గొడవ మన వంటింటిదాకా వచ్చిందే: 2022లో సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ ధర ఎందుకు ఎగబాకిందో తెలుగిళ్ళలో అందరికీ గుర్తుంటుంది.

పోలండ్‌లో ప్రభుత్వ భద్రతా కేంద్రం పంపే ‘అలర్ట్ ఆర్‌సీబీ’ మామూలు ఎస్ఎంఎస్. నమోదు చేసుకోకుండానే రావడం మంచిదే. అయితే ఎస్ఎంఎస్ కాబట్టి లక్షల మందికి ఒకే క్షణంలో చేరదు, సైలెంట్‌లో ఉన్న ఫోన్‌ని లేపదు. 2025 సెప్టెంబర్ 10 రాత్రి సుమారు 20 రష్యన్ డ్రోన్లు లోపలికి వచ్చినప్పుడు తూర్పు ప్రాంతాలవాళ్ళకి ఈ సందేశం వెళ్ళింది, వార్సా విమానాశ్రయం కూడా కొన్ని గంటలు మూసేశారు. రాత్రి దాడికి ఎస్ఎంఎస్ చాలదు, సెల్ బ్రాడ్‌కాస్ట్ కావాలి. పోలండ్ జనం దాదాపు పది లక్షల మంది శరణార్థులకి చోటిచ్చారు. ఉక్రెయిన్ ధాన్యం తమ ధర పడగొడుతోందని సరిహద్దు రోడ్ల మీద ట్రాక్టర్లు నిలిపిన రైతులు కూడా ఆ దేశంవాళ్ళే. ఈ రెండూ ఒకే ఊళ్ళో నిజం. 

ఫిన్లాండ్ విషయంలో యాప్ గురించి చెప్పడం కన్నా షెల్టర్ల గురించి చెప్పడం మేలు. 50,500 షెల్టర్లు, 48 లక్షల మందికి చోటు. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో బరువైన ఇనుప తలుపు వెనక మామూలు రోజుల్లో సైకిళ్ళు, స్కీలు పెట్టుకుంటారు, ఆజ్ఞ వస్తే 72 గంటల్లో ఖాళీ చేసి సిద్ధం చేయాలి. నాటోలో చేరాలన్నవాళ్ళు 2022 జనవరిలో మూడో వంతు కూడా లేరు, మే నాటికి నాలుగింట మూడొంతులు దాటారు. స్వీడన్ 2024 నవంబర్‌లో ఇంటింటికీ 32 పేజీల పుస్తకం పంపింది. వారం రోజులకి సరిపడా నీళ్ళు, తిండి, కొంత నగదు పెట్టుకోమంది. అందులో అన్నిటికన్నా పనికొచ్చే మాట, మనిషికి రోజుకి 3 లీటర్ల నీళ్ళు. జనం తక్కువ లెక్కేసేది అక్కడే.

ఉక్రెయిన్‌లో చదువు పూర్తి చేయడానికి తిరిగి వెళ్ళిన మన పిల్లలు కొందరున్నారు. వాళ్ళ అమ్మానాన్నలు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఈ యాప్ పెట్టుకుంటే ఒకటి గుర్తుంచుకోవాలి: చలికాలంలో కీవ్ మనకన్నా మూడున్నర గంటలు, వేసవిలో రెండున్నర గంటలు వెనక. అక్కడ అర్ధరాత్రి దాటాక వచ్చే డ్రోన్లకి ఇక్కడ తెల్లవారుజామున ఫోన్ మోగుతుంది. మోగగానే వీడియో కాల్ చేయకండి. మెట్లు దిగుతున్నవాళ్ళు చెయ్యి ఖాళీ లేక తంటాలు పడతారు. ‘విద్బీయ్’ వచ్చాక ఒక్క ముక్క మెసేజ్ పెట్టమని ముందే అనుకుని ఉండండి.

పోలండ్‌లో లుబ్లిన్, వార్సాల్లో చదువుకుంటున్నవాళ్ళకి: ఆర్‌సీబీ సందేశం సాధారణంగా పోలిష్‌లోనే ఉంటుంది. ‘ఉవాగా’ అంటే జాగ్రత్త, ‘స్హ్రోన్’ అంటే షెల్టర్. అనువాదం యాప్‌లో పోలిష్ భాషని ఆఫ్‌లైన్‌కి దించి ఉంచుకోండి, రాత్రిపూట ఎస్ఎంఎస్ టోన్ మాత్రం సైలెంట్‌లో పెట్టొద్దు. పొలంలోనో డాబా మీదో డ్రోన్ ముక్క పడి ఉంటే ఫోటో కోసం కూడా దగ్గరికి పోవద్దు, పేలని మందు అందులో మిగిలి ఉండొచ్చు. దూరంగా జరిగి 112కి ఫోన్ చేసి, చోటు చెప్పండి.