ఇంట్లో వాడే హై ఫ్రీక్వెన్సీ వాండ్: కొనేముందు గాజు గొట్టాన్ని, ప్లగ్గును చూడండి

నల్లగొండ క్లాక్ టవర్ చుట్టుపక్కల గానీ, మహబూబ్‌నగర్ న్యూ టౌన్‌లో గానీ కాస్త పాత బ్యూటీ పార్లర్‌కు వెళ్లినవారికి ఈ పరికరం కొత్త కాదు. ఫేషియల్ ముగిసే ముందు, జుయ్యిమని చప్పుడు చేస్తూ ఊదారంగులో వెలిగే ఒక గాజు గొట్టాన్ని ముఖమంతా తిప్పుతారు. బ్యూటీషియన్ కోర్సుల్లో, చర్మానికి సన్నని కరెంటు పంపే గాల్వానిక్ యంత్రంతో పాటు నేర్పే పాత పద్ధతి ఇది. పార్లర్‌లో బల్ల మీద కూర్చునే ఆ యంత్రమే ఇప్పుడు చేతిపిడి అంత చిన్నదై, హై ఫ్రీక్వెన్సీ వాండ్ అనే పేరుతో ఆన్‌లైన్‌లో వేయిన్నర నుంచి మూడు వేల రూపాయలకు ఇంటికి వస్తోంది. మా ఇంట్లో ప్లగ్గుతో నడిచే రకం ఒకటి, చార్జింగ్‌తో నడిచే రకం ఒకటి వాడి చూశాము. నా అభిప్రాయం ముందే చెబుతాను. పైకి తేలిన ఒకటి రెండు చీము మొటిమలను కొంచెం త్వరగా ఎండబెట్టడానికి ఇది పనికొస్తుంది. డబ్బా మీద రాసిన మిగతా గుణాలను నమ్మి కొంటే మాత్రం డబ్బు దండగ.

ఎందుకలా అంటున్నానో తెలియాలంటే ఇది ఎలా పనిచేస్తుందో కొంత చూడాలి. పిడిలో ఉన్న కాయిల్ మన ఇంటి 230 వోల్టుల కరెంటును వోల్టేజీ బాగా ఎక్కువ, ప్రవాహం అతి తక్కువ ఉండే కరెంటుగా మారుస్తుంది. ఇంటి కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు తిరిగితే, ఇది వేలల్లో, లక్షల్లో తిరుగుతుంది. అంత వేగంగా దిశ మారే కరెంటు కండరాలను పట్టి లాగదని ఫ్రెంచి శాస్త్రవేత్త ద ఆర్సన్‌వాల్ 1890ల తొలినాళ్లలోనే గమనించారు. ముఖానికి ఆనించినా షాక్ కొట్టకపోవడానికి కారణం అదే. గొట్టంలో తక్కువ పీడనంతో నింపిన వాయువు ఈ వోల్టేజీకి వెలుగుతుంది. అందులో ఆర్గాన్ ఉంటే ఊదారంగు, నియాన్ ఉంటే నారింజ కలిసిన ఎరుపు వస్తుంది. గాజుకు, చర్మానికి మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉన్నచోట సన్నని నిప్పురవ్వలు దూకి, గాలిలోని ఆక్సిజన్‌ను కొంతమేరకు ఓజోన్‌గా మారుస్తాయి. జిరాక్స్ సెంటర్‌లో యంత్రం చాలాసేపు నడిచాక వచ్చే ఘాటు వాసన లాంటిదే అప్పుడు ముక్కుకు తగులుతుంది.

క్రిములను చంపే గుణం ఆ ఓజోన్‌కు, ఆ రవ్వలకు ఉన్నదే తప్ప రంగుకు కాదు. ఊదారంగు కాంతి క్రిములను చంపుతుందని, నారింజ కాంతి ముడతలను పోగొడుతుందని అమ్మేవాళ్లు చెబుతుంటారు. నీలి ఎల్‌ఈడీ కాంతితో చేసే మొటిమల చికిత్స వేరు, దీని వెలుగు వేరు. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టి అమ్మడం నాకు సబబుగా తోచలేదు. పైగా మొటిమకు కారణమయ్యే బాక్టీరియా చర్మం పైన కాకుండా, గాలి సరిగా అందని రోమకూపం అడుగున పెరుగుతుంది. పైపైన పుట్టే ఓజోన్ అంత లోతుకు దిగదు. అందువల్ల తల తెల్లబడి పైకి వచ్చిన మొటిమ మీద దీని ప్రభావం కొంత కనిపిస్తుంది గానీ, దవడ కింద గట్టిగా, నొప్పిగా ఉండే గడ్డల మీద ఏమీ కనిపించదు. దీని వాడకం ఎంత పాతదైనా, మొటిమలు తగ్గిస్తుందని గట్టిగా చెప్పగల వైద్య పరిశోధన చాలా తక్కువ. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఇదే పరికరాన్ని అమెరికాలో వయొలెట్ రే అనే పేరుతో కీళ్లనొప్పుల నుంచి బట్టతల దాకా అన్నిటికీ మందుగా అమ్మారు. చివరికి ఆ ప్రచారాల మీద అక్కడి ప్రభుత్వమే కోర్టుకు వెళ్లింది. ఇప్పటి డబ్బాల మీది రాతలు చదువుతుంటే ఆ అలవాటు పూర్తిగా పోయినట్టు లేదు.

ఇక ఎంపిక సంగతి. చాలామంది సెట్టులో ఎన్ని గొట్టాలు ఉన్నాయో లెక్కపెట్టి కొంటారు. పుట్టగొడుగు ఆకారంలో ఉండేది, నాలుక లాగా వంగి ఉండేది, సన్నని పుల్ల లాంటిది, దువ్వెన లాంటిది, మెడకు వాడే వై ఆకారపుది, ఇలా సెట్టు పెద్దదిగా కనిపిస్తుంది. ఇంట్లో నిజంగా అవసరమయ్యేవి రెండే. బుగ్గలకు, నుదుటికి పుట్టగొడుగు గొట్టం, ముక్కు పక్కన, గడ్డం మీద ఒక్కో మొటిమకు వంగిన గొట్టం. దువ్వెన గొట్టం జుట్టును పెంచుతుందనడానికి నమ్మదగిన ఆధారం లేదు. అది డబ్బాలోనే ఉండిపోతుంది.

గొట్టాల సంఖ్య కన్నా అవి పిడిలో కూర్చునే తీరు ముఖ్యం. గొట్టం అడుగున ఉన్న లోహపు టోపీ పిడిలోకి బిగువుగా దిగాలి. అలాగని దించడానికి బలం వాడాల్సి వస్తే గాజు చేతిలోనే పగిలే ప్రమాదం ఉంది. వదులుగా ఉంటే లోపల రవ్వలు పుట్టి, పిడి వేడెక్కి, వెలుగు మినుకుమినుకుమంటుంది. మాకు మొదట వచ్చిన సెట్టులో పుట్టగొడుగు గొట్టం చూడటానికి బాగానే ఉన్నా, జోరు పెంచే నాబ్‌ను చివరిదాకా తిప్పినా వెలగలేదు. కిటికీ వెలుతురులో తిప్పి చూస్తే లోహపు టోపీ అంచున గోటి గీత అంత సన్నని పగులు కనిపించింది. అంత పగులు చాలు, లోపలి వాయువు పోయి బయటి గాలి చేరడానికి. అమ్మినవారు మార్చి ఇవ్వడానికి చాలా నసిగారు. ప్యాకెట్ విప్పుతున్నప్పుడు తీసిన వీడియో చూపించాక గానీ ఒప్పుకోలేదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవారు ప్యాకెట్ విప్పేటప్పుడు వీడియో తీసుకోవడం, వచ్చిన రోజే అన్ని గొట్టాలనూ ఒక్కొక్కటిగా వెలిగించి చూడటం మంచిది.

తర్వాత చూడవలసింది పిడి చివర ఉండే నాబ్. మంచి పరికరంలో అది సున్నా దగ్గర టక్కున ఆగి, అక్కడి నుంచి నెమ్మదిగా పెరుగుతుంది. నాసిరకంలో సగం దాకా ఏమీ ఉండదు, ఆ తర్వాత ఒక్కసారిగా పూర్తి జోరు అందుకుంటుంది. ముఖం మీద వాడే వస్తువుకు ఇది చిన్న లోపం కాదు. వైరు కనీసం మనిషి పొడవు ఉండాలి, పిడిలోకి వెళ్లే చోట మెత్తని రబ్బరు తొడుగు ఉండాలి, ఎందుకంటే తిప్పి తిప్పి వాడేటప్పుడు వైరు ముందుగా తెగేది అక్కడే.

వోల్టేజీ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. పిల్లలు అమెరికాలో ఉన్న ఇల్లు ఒక్కటైనా లేని వీధి మన జిల్లాల్లో అరుదు. సెలవులకు వచ్చేవాళ్లతో ఇలాంటివి తెప్పించుకోవడం మామూలే. అక్కడి ఇళ్ల కరెంటు 120 వోల్టులు. అక్కడి పరికరానికి కేవలం పిన్ను మార్చే అడాప్టర్ తగిలించి మన బోర్డులో పెడితే లోపలి కాయిల్ మాడిపోతుంది. పరికరం మీద 220–240 వోల్టులు అని రాసి ఉన్నదే కొనాలి. చార్జింగ్ రకానికి ఈ బాధ లేదు, ప్రయాణాలకూ అనువుగా ఉంటుంది. కానీ మేము వాడిన దానిలో రవ్వ మరీ బలహీనంగా ఉండి, ముఖం మీద గొట్టం తిరుగుతోందా లేదా అన్నట్టు ఉండేది. రెండింటిలో ఒకటే ఉంచుకోమంటే ప్లగ్గు రకమే ఉంచుకుంటాను.

వాడే పద్ధతి కష్టమేమీ కాదు గానీ కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. లోహం దగ్గరుంటే రవ్వ దాని మీదికి దూకి చురుక్కుమనిపిస్తుంది. కాబట్టి కమ్మలు, ముక్కుపుడక, గాజులు తీసి పక్కన పెట్టాలి. పుస్తెలతాడు తీయడం ఇష్టం లేనివారు దాన్ని వెనక్కి వేసుకుని, మెడ జోలికి వెళ్లకుండా ముఖానికే పరిమితం కావడం మేలు. ఎండాకాలంలో నల్లగొండ వైపు ఎండ 44, 45 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి అందరం ఇనుప కూలర్ ముందే కూర్చుంటాము. నీళ్లున్న ఇనుప కూలర్ పక్కన, తడి గచ్చు మీద వట్టి కాళ్లతో కూర్చుని ఈ పరికరాన్ని వాడకూడదు. పాత ఇళ్లలో ఎర్తింగ్ ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. చెక్క కుర్చీ, కాళ్లకు చెప్పులు, తెరిచిన కిటికీ ఉంటే సరిపోతుంది. ఓజోన్ ఊపిరితిత్తులకు మంచిది కాదు గనుక కిటికీ తెరిచి ఉంచడం ముఖ్యం. ఉబ్బసం ఉన్నవారు దీనికి దూరంగా ఉండాలి.

మా అక్క కూతురు డిగ్రీ చదువుతోంది. తనకు గడ్డం మీద తరచుగా ఒకటో రెండో మొటిమలు చీము పడతాయి. మొదటిసారి చప్పుడు వినగానే కుర్చీలో వెనక్కి జరిగి, “చిన్నమ్మా, గిది కరెంటు కొడ్తదా?” అని అడిగింది. గొట్టాన్ని ముఖానికి తాకించేటప్పుడు, తీసేటప్పుడు గాజు మీద మన వేలు ఒకటి ఆనించి ఉంచితే రవ్వ వేలి గుండా పోయి ముఖం మీద చురుకు అనిపించదు. పార్లర్లలో చేసేదీ ఇదే. అలా చేశాక తను భయపడలేదు. కడిగి పూర్తిగా తుడుచుకున్న ముఖం మీద, నాబ్ తక్కువలో పెట్టి, గొట్టాన్ని ఆపకుండా రెండు మూడు నిమిషాలు తిప్పి, చివరగా మొటిమ మీద కొన్ని క్షణాలు మాత్రం కొంచెం ఎత్తి పట్టుకున్నాము. మరునాటికి ఎరుపు తగ్గి, మొటిమ తల ఎండినట్టు కనిపించింది. అయితే కొత్తవి రావడం మాత్రం ఆగలేదు.

కొన్ని క్షణాలే అని నొక్కి చెప్పడానికి కారణముంది. ఒకేచోట ఎక్కువసేపు రవ్వ తగిలితే సూదిమొన అంత కాలిన మచ్చ పడుతుంది. మన చామనఛాయ చర్మం మీద అలాంటి చిన్న గాయం కూడా గోధుమరంగు మచ్చగా మారి నెలల తరబడి ఉండిపోతుంది. మొటిమ పోయి మచ్చ మిగిలితే కొన్న ప్రయోజనమే లేదు. మంగు మచ్చలు ఉన్నవారు అసలు కొనకపోవడమే మంచిది. ఇది మంగును తగ్గించదు సరికదా, వేడి తగిలితే మంగు ముదిరే అవకాశం ఉంది. సున్నిపిండితో గట్టిగా నలుగు పెట్టుకున్న రోజున, రెటినాల్ గానీ యాసిడ్ సీరం గానీ రాసుకున్న రాత్రి కూడా దీన్ని పక్కన పెట్టాలి. స్పిరిట్ కలిసిన టోనర్, సెంటు, హెయిర్ స్ప్రే ఒంటి మీద ఉంటే రవ్వకు మంట అంటుకోవచ్చు.

గర్భిణులు, గుండెలో పేస్‌మేకర్ ఉన్నవారు, మూర్ఛ ఉన్నవారు, ముఖంలో గానీ పళ్ల వద్ద గానీ లోహపు ప్లేట్లు, స్క్రూలు వేయించుకున్నవారు, ముఖం మీద పుండ్లు లేదా చిట్లిన సన్నని రక్తనాళాలు ఉన్నవారు దీన్ని వాడకూడదు. పార్లర్‌లో చేయించుకున్నా ఈ జాగ్రత్తలు మారవు. అడగకుండానే మెషిన్ ఆన్ చేసే చోట మనమే ముందుగా చెప్పుకోవాలి. మాకు తెలిసిన పార్లర్ ఆవిడ ఈ విషయంలో చాలా గట్టి మనిషి. ఫేషియల్‌కు ఎవరు కూర్చున్నా “అక్కా, కడుపుతో ఉన్నవా? గుండె ఆపరేషన్ ఏమన్న అయిందా?” అని అడిగిన తర్వాతే స్విచ్చు వేస్తుంది.

ఇదే డబ్బుతో ఇంకేం చేయవచ్చో కూడా చూడాలి. 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్, డాక్టరు రాసిచ్చే అడాపలీన్ వంటి పూతమందులకు మొటిమల విషయంలో దీనికన్నా ఎంతో గట్టి ఆధారాలు ఉన్నాయి. ఖర్చు కూడా వందల్లోనే అవుతుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ తువ్వాళ్ల రంగును వెలిసేలా చేస్తుందన్నది ఒక్కటే ఇంట్లో వచ్చే తగువు. గర్భిణులు అడాపలీన్ వాడకూడదు. ముఖం నిండా మొటిమలు ఉన్నవారు ఆ డబ్బును చర్మ వైద్యుని ఫీజుకు పెట్టుకుంటే ఫలితం ఎక్కువ. చీటీ లేకుండా మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే తెల్లబడే క్రీముల్లో స్టెరాయిడ్ ఉండే అవకాశం చాలా ఎక్కువ. వాటితో పాడైన ముఖం మీద ఈ గొట్టం తిప్పడం పుండు మీద కారం చల్లడమే. అన్నీ పోను, అప్పుడప్పుడు ఒకటి రెండు మొటిమలు వచ్చి, జెల్ రాస్తే చర్మం పొరలు లేచే వాళ్లకు ఈ వాండ్ అక్కరకొస్తుంది.

వాడిన తర్వాత ప్లగ్గు తీసి, గొట్టం చల్లబడ్డాక స్పిరిట్ అద్దిన దూదితో గాజును మాత్రమే తుడిచి, పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టాలి. కుళాయి కింద కడిగితే లోహపు టోపీలోకి నీరు చేరుతుంది. ఒకరి గొట్టం ఇంకొకరు వాడకూడదు. అక్కాచెల్లెళ్లు ఇద్దరూ వాడేట్టయితే చెరొక గొట్టం ఉండాలి. ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. పిడి ఎన్నేళ్లు పనిచేసినా గాజు ఎప్పుడో ఒకప్పుడు చేయి జారుతుంది. విడి గొట్టం కోసం నల్లగొండలో కాస్మెటిక్స్ దుకాణాలు తిరిగితే దొరకలేదు. హైదరాబాద్ బేగంబజార్‌లో పార్లర్ సామాను అమ్మేచోట దొరికింది గానీ, దాని టోపీ మందం మా పిడికి సరిపోలేదు. కంపెనీకొక కొలత ఉంటుందని దుకాణం అతనే చెప్పాడు. అందుకే మళ్లీ కొనవలసి వస్తే ఏడు గొట్టాల మెరుపుల డబ్బాను వదిలేసి, రెండు గొట్టాలే ఉన్నా, అదే కొలత గొట్టాన్ని విడిగా అమ్మే కంపెనీ సెట్టునే తీసుకుంటాను.