ఒకే పట్టాలో నాట్యమూ నాటకమూ: నాలుగేళ్ల చదువుపై సమీక్ష

కూచిపూడి నేర్చిన వారికి నాట్యం వేరు, నాటకం వేరు అన్న మాటే కొత్తగా తోస్తుంది. కూచిపూడి నృత్యనాటకమైన భామాకలాపంలో సత్యభామ ఆడుతుంది, పాడుతుంది, చెలికత్తె మాధవితో వాదిస్తుంది. ఆంగిక (శరీర కదలికలు), వాచిక (మాట, పాట), ఆహార్య (వేషం, అలంకరణ), సాత్త్విక (మనోభావాలు) అభినయాలు నాలుగూ ఒకే పాత్రలో పలకాలి. అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో ఈ రెండింటినీ కలిపిన నాలుగేళ్ల డిగ్రీలో చేరినప్పుడు నేను ఆశించింది ఆ సమగ్రతనే. పట్టా చేతికొచ్చాక, ఇదే దారిలో వెళ్లాలనుకునే పిల్లల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా వాచికం సంగతి చెప్పాలి. చిన్నప్పటి నుంచి నేను నేర్చినవి ఎక్కువగా ఏకపాత్ర అంశాలు. రికార్డు చేసిన పాటకు పెదవులు కదిపానే తప్ప వేదిక మీద నోరు విప్పి మాట్లాడింది లేదు. ఇక్కడ మొదటి ఏడాదిలోనే కంఠసాధన తప్పనిసరి. నేల మీద వెల్లకిలా పడుకుని శ్వాసను గమనించడంతో మొదలైన ఆ తరగతి, గది చుట్టూ పరుగెత్తి ఆగిన మరుక్షణం చివరి వరుసకు వినిపించేలా వాక్యం పలకడం దాకా సాగింది. జతి (తాళానికి తగిన అడుగుల వరుస) ముగించి, ఆయాసం బయటపడకుండా సంభాషణ అందుకోవడం నాకు అక్కడే పట్టుబడింది. రాత్రంతా యక్షగానాలు ఆడిన కూచిపూడి భాగవతులకు ఇది వంశపారంపర్యంగా వచ్చిన విద్య. ఈ ఒక్క తరగతి కోసమైనా కోర్సును మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను.

నృత్యశాలలో చెక్క నేల అడుగుకు కాస్త స్పందించేలా కట్టి ఉంటుంది. సిమెంటు గచ్చు మీద ఏళ్ల తరబడి నాట్యపు అడుగులు వేసి మోకాళ్ల నొప్పులు తెచ్చుకున్న నాకు అది ఎంత మేలు చేసిందో మాటల్లో చెప్పలేను. లైటింగ్, రంగాలంకరణ, వస్త్రాల తయారీలో కూడా ప్రతి విద్యార్థీ పనిచేయాలి.

అయితే కలయిక అన్నది చాలావరకు పట్టా మీదనే ఉంది. నాట్య శాఖ తరగతులు కొన్ని, నాటక శాఖ తరగతులు కొన్ని కలిపి 120 క్రెడిట్లు పూర్తి చేయించారు గానీ, ఒక శాఖలో చెప్పేది మరొక శాఖకు తెలిసేది కాదు. 1973లో జర్మనీలోని వుపర్తాల్ బాలే బృందం బాధ్యతలు చేపట్టి నృత్యాన్నీ నాటకాన్నీ ఒక్కటి చేసిన నృత్య దర్శకురాలు పీనా బౌష్ గురించి నృత్య చరిత్రలో ఒకసారి, నాటక చరిత్రలో మరొకసారి చదివాను. రెండుచోట్లా ఆమెను తమ కళకు చెందిన మనిషిగానే చెప్పారు. పైగా సాయంత్రాలు రెండు శాఖల రిహార్సల్స్ ఒకే వేళకు పడేవి. రోజువారీ సాధనకు మిగిలే సమయం తగ్గి, బాలేలో నేను కేవలం నృత్యం చదివిన సహాధ్యాయుల కంటే స్పష్టంగా వెనుకబడ్డాను. నర్తకిగానే స్థిరపడాలనుకునే వారు ఈ నష్టాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

చివరి ఏడాది ప్రాజెక్టుగా, భర్త పేరు చెప్పమని మాధవి అడిగితే సత్యభామ సిగ్గుతో తప్పించుకునే ఘట్టాన్ని తెలుగు సంభాషణలతోనే ఆడాను. మాధవి పాత్రను సూత్రధారుడే ధరించే మన సంప్రదాయాన్ని వివరించినప్పుడు రెండు శాఖల అధ్యాపకులూ ఒకే బల్ల దగ్గర కూర్చుని గంటకు పైగా ప్రశ్నలు వేశారు. నాలుగేళ్లలో వాళ్లను అలా కలిసి చూసింది ఆ ఒక్కసారే. కాబట్టి మీరు ఏ కళాశాలలో చేరబోయినా, రెండు శాఖలూ కలిసి నిర్మించే ప్రదర్శనలు ఏటా ఉంటాయా, వాటిలో మొదటి ఏడాది విద్యార్థులకు చోటిస్తారా అన్నది ఫీజు కట్టక ముందే అడిగి తెలుసుకోండి.