యోరుబానేమ్ డాట్ కామ్: పేరు ముక్కలు విప్పి చూపించే సైట్

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ చూసేవాళ్లకి మయామీ హీట్ జట్టు బామ్ అడెబాయో తెలుసు, ఫుట్‌బాల్ వాళ్లకి ఆర్సెనల్‌లో ఆడిన టోగో స్ట్రైకర్ అడెబయోర్ గుర్తుంటాడు, ఇద్దరూ చుట్టాలా అని డౌట్ వస్తే గూగుల్ కంటే ముందు ఈ సైట్‌కి వెళ్లండి. కోలా టుబోసున్ అనే నైజీరియా భాషావేత్త మొదలుపెట్టిన యోరుబా పేర్ల డిక్షనరీ ఇది, యోరుబా అంటే పశ్చిమ ఆఫ్రికాలో ఒక జాతి, వాళ్ల భాష కూడా. ఫ్రీనే, వెతకడానికి లాగిన్ గొడవ కూడా లేదు.

నాకు బాగా నచ్చింది ముక్కలు విడగొట్టి చూపించడం. అడెబాయో తీసుకోండి, అడే అంటే కిరీటం, బా అంటే ఎదురుపడటం, అయో అంటే సంతోషం, మొత్తం కలిపితే కిరీటానికి సంతోషం ఎదురైంది అని, బా పక్కన అయో రాగానే ఒక అచ్చు ఎగిరిపోయింది, అచ్చం మన సంధిలాగే! ఇలా నాలుగు పేర్లు చూస్తే మిగతావి మనమే ఊహించేయొచ్చు. అడే ఉంటే రాజవంశం వాసన, అకిన్ ఉంటే వీరత్వం, అయాన్ అంటే డప్పు వాయించే కుటుంబం, ఒగున్ అంటే ఇనుము దేవుడు. క్రైస్తవం వచ్చాక కొందరు ఇఫా దేవత పేరు తీసేసి జేసు పెట్టుకున్నారు, ఫాబున్మి కాస్తా జేసుబున్మి అయిపోయింది.

ఇక చుట్టరికం సంగతి. యోరుబా వాళ్లలో ఇవి మొదట మనిషికి పెట్టిన పేర్లే, బ్రిటిష్ కాలంలో స్కూలు, చర్చి రిజిస్టర్లలో తండ్రి పేరో తాత పేరో ఇంటిపేరుగా స్థిరపడింది. అంటే ఏ ఊళ్లో ఏ తాతకి అడెబాయో అని పెట్టినా అక్కడో కొత్త ఇంటిపేరు పుట్టినట్టే, ఒకే ఇంటిపేరు కాబట్టి అన్నదమ్ముల వరస, పెళ్లి కుదరదు అనే మన లెక్క అక్కడ నడవదు. నైరుతి నైజీరియా నుంచి బెనిన్, టోగో దాకా యోరుబా వాళ్లున్నారు, టోగోలో పుట్టిన మన స్ట్రైకర్ పేరుకి చివర ఒక ర్ తగిలింది. బామ్ పుట్టింది అమెరికాలో న్యూఆర్క్‌లో, తండ్రి నైజీరియన్, మధ్య పేరు ఫెమి, అంటే నన్ను ప్రేమించు అని.

సైట్‌లో పేరు పలికి వినిపించే ఆడియో తప్పకుండా వినండి. యోరుబాలో మూడు స్వరస్థాయిలు, ఓకో అనే మాటే స్వరం మారితే భర్త, బండి, పార, ఈటె అయిపోతుంది, తెలుగు లిపిలో ఆ తేడా రాయలేం. పిల్లల పేర్ల సైట్లు కొన్నుంటాయి చూడండి, స్వరం గుర్తుల్లేకుండా అర్థం రాసిపడేస్తాయి, వాటిని నమ్మి ఎవరికీ చెప్పకండి.

ఏ దేశంలో ఫలానా పేరున్నవాళ్లు ఎంతమంది అనే లెక్కలకైతే ఇది కాదు, డిక్షనరీ డిక్షనరీయే. వివరణలు ఇంగ్లీష్‌లో ఉంటాయి, కానీ కష్టమైన ఇంగ్లీష్ కాదు. లిస్టులో లేని పేరు తెలిస్తే ఎవరైనా పంపొచ్చు. యోరుబా అక్షరాలకి కింద చుక్కలు, పైన స్వరం గుర్తులు టైప్ చేయాలనుకునేవాళ్లకి విండోస్‌కీ మ్యాక్‌కీ వీళ్లదే ఫ్రీ కీబోర్డ్ ఉంది, అది కూడా దింపుకోండి. నా వైపు నుంచి ఐదుకి నాలుగున్నర.