మోంటెపుల్చానోనా, మోంటల్చీనోనా: చేతిలో ఒక్క రోజే ఉంటే ఏది మేలు?

ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో, సియెనా నగరానికి దక్షిణాన, వైనుకు పేరు మోసిన మధ్యయుగపు కొండ ఊళ్లు రెండు ఉన్నాయి. రోడ్డు మీద వెళితే వాటి మధ్య నలభై కిలోమీటర్లు కూడా ఉండవు. మోంటెపుల్చానో సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంటే, మోంటల్చీనో సుమారు 560 మీటర్ల ఎత్తున ఉంది. రెండు చోట్లా వైనుకు ప్రధానంగా వాడేది సాంజొవేజె అనే ద్రాక్షే. ఇటలీ ప్రభుత్వం వైనుకిచ్చే అత్యున్నత గుర్తింపు రెండింటికీ 1980లోనే దక్కింది. ఇన్ని పోలికలున్నందువల్లనే, ఫ్లోరెన్స్ నుంచో రోమ్ నుంచో ఒక రోజు వీలు చేసుకుని బయలుదేరేవారు చాలామంది ఏదైనా ఒకటేలే అనుకుని, ముందు తారసపడినదానికి వెళ్లి వచ్చేస్తారు. నేను ఒకసారి అత్తమామలతో మోంటెపుల్చానోకూ, మరొకసారి స్నేహితులతో మోంటల్చీనోకూ వెళ్లాను. మోంటెపుల్చానోలో వైను ఊరి కింద ఉంటుంది, మోంటల్చీనోలో ఊరి బయట ఉంటుంది. కారు అవసరమా, ఖర్చెంత, తాగనివారికి పొద్దెలా పోతుంది అన్న ప్రశ్నలన్నీ చివరికి ఈ తేడా దగ్గరికే వస్తాయి.

మోంటెపుల్చానోకు దిగువన పోర్తా అల్ ప్రాతో అనే కోట గుమ్మం ఉంది. అక్కడి నుంచి కోర్సో అనే ప్రధాన వీధి మెలికలు తిరుగుతూ, కిలోమీటరుకు పైగా ఎక్కుతూ, కొండ కొసనున్న పియాజ్జా గ్రాందె అనే కూడలికి చేరుతుంది. దారికి రెండు వైపులా పాత ప్రభు కుటుంబాల భవనాలున్నాయి. వాటిలో కొన్నింటి నేలమాళిగల్లోనే తరతరాలుగా వైను నిలవ చేస్తున్నారు. రిచ్చి భవనం కింది నేలమాళిగలోకి మెట్లు దిగుతుంటే పది అడుగులకే గాలి చల్లబడింది, తడి రాయి వాసనా నానిన చెక్క వాసనా కలిసి ముఖానికి తగిలాయి, లోపల ఎత్తైన ఇటుక కమానుల కింద మనిషిని మించిన ఓక్ పీపాలు వరుసగా నిలబడి ఉన్నాయి. మా అత్తగారికి వైను వాసన కూడా పడదు. అయినా ఆవిడ గోడ మీద చెయ్యి వేసి, "మన ఊళ్లో దిగుడుబావిలోకి దిగినట్టే ఉందమ్మా" అని చాలాసేపు అక్కడే నిలబడ్డారు. తాగేవారూ తాగనివారూ ఒకే చోట, ఒకే ఆసక్తితో నిలబడి చూడగలగడం ఈ ఊరి పెద్ద సుగుణమని నాకు అప్పుడే అర్థమైంది.

పైన కూడలిలో చూడవలసినవి కూడా తక్కువేమీ కావు. పురపాలక భవనం గోపురాన్ని చూడగానే ఫ్లోరెన్స్ పురపాలక భవనమైన పాలాజ్జో వెక్కియో గుర్తుకు వస్తుంది, ఎందుకంటే ఒకప్పుడు ప్రత్యర్థి నగర రాజ్యాలుగా ఉన్న ఆ రెండింటిలో ఈ ఊరు సియెనాను కాదని ఫ్లోరెన్స్ పక్షాన నిలిచింది. ఆ భవనం ముఖభాగాన్ని తీర్చినవాడు ఫ్లోరెన్స్ శిల్పి మికెలోజ్జో. పక్కనే ఉన్న బావి మీద ఫ్లోరెన్స్ చిహ్నమైన సింహాలూ, ఈ ఊరి చిహ్నమైన గ్రిఫిన్లూ (గద్ద తల, సింహం ఒళ్లు ఉన్న కల్పిత జంతువులు) ఎదురెదురుగా ఉంటాయి. ప్రధాన చర్చి ముఖభాగానికి పాలరాతి తొడుగు ఏనాడూ పడలేదు, నేటికీ వట్టి ఇటుకలతోనే నిలిచి ఉంది. కానీ లోపలికి వెళితే తద్దెయో ది బార్తొలో 1401లో చిత్రించిన బంగారు నేపథ్యపు బలిపీఠ చిత్రం ఆ చీకటిలోనూ మెరుస్తుంది. ఆగస్టు చివరి ఆదివారం వెళ్లేవారికి మరో వేడుక దొరుకుతుంది: ఊరిలోని ఎనిమిది పేటలవారు, పేటకు ఇద్దరు చొప్పున, 80 కిలోల పీపాలను ఈ ఎత్తు వీధుల వెంట పైకి దొర్లిస్తూ పోటీ పడతారు. ఇక ఊరి దిగువన సైప్రస్ చెట్ల బాట చివర, 1518లో పని మొదలైన సాన్ బియాజో చర్చి లేత తేనె రంగు రాతితో ఒంటరిగా నిలబడి ఉంటుంది. అది చూడకుండా ఈ ఊరి నుంచి తిరిగి రావద్దని నా మనవి.

మోంటల్చీనో ఇందుకు భిన్నం. ఊరు చిన్నది, నింపాదిగా తిరిగినా రెండు గంటలలో అయిపోతుంది. దానికి తలమానికం 1361లో సియెనావారు కట్టిన అయిదు మూలల కోట. 1555లో సియెనా లొంగిపోయినప్పుడు, ఓటమిని ఒప్పుకోని కొందరు ఇక్కడికి వచ్చి, 1559 వరకూ ఈ చిన్న కొండ మీద తమ గణతంత్రాన్ని నిలుపుకున్నారు. ఆ సంగతి తెలిసి కోట గోడ మీద నడిస్తే, చుట్టూ పరుచుకున్న ఓర్చా లోయ వేరుగా కనిపిస్తుంది. 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ లోయ దృశ్యం విషయంలో మోంటల్చీనోదే పైచేయి.

అయితే ఇక్కడి వైనును అర్థం చేసుకోవాలంటే ఊరు దాటి తోటలకు వెళ్లక తప్పదు. కోటలోనే ఉన్న దుకాణంలో గ్లాసుల లెక్కన రుచి చూడవచ్చు గానీ, ఆ వైను వెనక ఉన్న నేలను అక్కడ చూడలేము. తోటలు కొండ చుట్టూ వేర్వేరు ఎత్తులలో చెదిరి ఉంటాయి, దక్షిణాన ఆమియాతా పర్వతం వాటికి అడ్డుగోడలా నిలుస్తుంది. మేము వెళ్లిన తోటలో ఒకే యజమాని రెండు చెలకల వైనును పక్కపక్కన పోసి ఇచ్చాడు. ఎండ ఎక్కువ తగిలే చెలకది నాలుక మీద నిండుగా పరుచుకుంటే, ఎత్తున ఉన్న చల్లని చెలకది సన్నగా, కాస్త వగరుగా, చెర్రీ పండు పులుపుతో వచ్చింది. ఆ పావుగంటలో నేను వైను గురించి నేర్చుకున్నంత మరెక్కడా నేర్చుకోలేదు. ఇటువంటి అనుభవానికి ముందుగా రాసి సమయం తీసుకోవాలి, కారూ ఉండాలి, రుచి చూసినందుకు రుసుమూ కట్టాలి.

వైనుకు వైను పోల్చి చూస్తే నా ఓటు బ్రునెల్లోకే. మోంటల్చీనోవారి బ్రునెల్లోను నూటికి నూరు శాతం సాంజొవేజెతోనే చేయాలి, అందులో మరే ద్రాక్షా కలపకూడదు. కోత జరిగిన తరువాత అయిదో సంవత్సరం జనవరి వచ్చేదాకా దానిని అమ్మకూడదు, అంటే 2019 పంట 2024లో గానీ బజారుకు రాలేదు. మోంటెపుల్చానోవారి వీనో నోబిలెలో సాంజొవేజె కనీసం 70 శాతం ఉంటే సరిపోతుంది, రెండేళ్లు నిలవ ఉంచితే చాలు. అందుకే అది త్వరగా మెత్తబడుతుంది, ధరా తక్కువే. కొత్తగా తాగేవారికి అదే సులువుగా నచ్చవచ్చు. అంగడిలో సీసా కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త: మోంటెపుల్చానో దబ్రుజ్జో అని రాసి ఉన్న వైనుకూ ఈ ఊరికీ సంబంధం లేదు, అది వేరే ప్రాంతంలో మోంటెపుల్చానో అనే వేరే ద్రాక్షతో చేసేది. బ్రునెల్లో ధర భారమనుకుంటే, అదే నేలలో అదే ద్రాక్షతో చేసి ఏడాదికే వదిలే రోస్సో ది మోంటల్చీనో మంచి ఎంపిక.

ప్రయాణం సంగతి మరింత జాగ్రత్తగా ఆలోచించాలి. ఫ్లోరెన్స్–రోమ్ రైలు మార్గంలో కియూసి స్టేషనులో దిగితే మోంటెపుల్చానోకు బస్సు దొరుకుతుంది. మోంటల్చీనోకు సియెనా నుంచి బస్సు ఉంది. ఆదివారాలలో రెండు దారులలోనూ బస్సులు బాగా తగ్గిపోతాయి. ఇటలీలో నడిపేవారి రక్తంలో ఆల్కహాలు లీటరుకు 0.5 గ్రాములు మించకూడదు; లైసెన్సు వచ్చి మూడేళ్లు కానివారికి అసలు చుక్క కూడా ఉండకూడదు. రుచి చూసి ఉమ్మేందుకు పాత్ర పెడతారు గానీ, మనవాళ్లు మొహమాటంతో మింగేస్తారు. కాబట్టి మోంటల్చీనో తోటలకు వెళ్లే పక్షంలో, ఆ రోజు తాగని మనిషి ఒకరు బండి నడపాలి, లేదా డ్రైవరును మాట్లాడుకోవాలి.

శాకాహారులకు రెండు చోట్లా పీచి దొరుకుతుంది. పిండీ నీళ్లూ కలిపి చేత్తో పేనే లావుపాటి సేమియా వంటిది అది. లావు వెల్లుల్లీ టమాటా కలిపి చేసిన పులుసుతో తింటే మన నోటికీ హితంగా ఉంటుంది. పక్కనున్న పియెన్జా ఊరి పెకొరీనో చీజ్ ప్రసిద్ధమే గానీ, సంప్రదాయంగా దానిని తోడు పెట్టడానికి జంతు సంబంధమైన రెనెట్ వాడతారు కనుక నిష్ఠగలవారు అడిగి తీసుకోవాలి.

పెద్దవారు వెంట ఉన్నా, తాగనివారు ఉన్నా, కారు లేకున్నా మోంటెపుల్చానోకే వెళ్లమంటాను. మోకాళ్ల నొప్పులున్నవారు దిగువ నుంచి చిన్న బస్సులో పైకి వెళ్లి, కూడలి చూసుకుని, నెమ్మదిగా కిందికి దిగుతూ రావచ్చు. మా మామగారు అలాగే చేశారు. వైనే ముఖ్యమనుకుని, ఇద్దరు ముగ్గురు మిత్రులు కలిసి వెళుతుంటే మోంటల్చీనోకు వెళ్లాలి. అక్కడ రెండు తోటలకు మించి పెట్టుకోవద్దు. మిగిలిన సాయంత్రాన్ని, దక్షిణంగా పది కిలోమీటర్ల దూరంలో ఆలివ్ చెట్ల నడుమ ఉన్న సాంతాంతిమో మఠానికి కేటాయించండి. లోపల ఒక స్తంభం తలపై సింహాల మధ్య చేతులెత్తి ప్రార్థిస్తున్న బైబిలు ప్రవక్త దానియేలు శిల్పం ఉంటుంది, దానిని తప్పక వెతికి చూడండి.