పార్టిషన్ ఎత్తు పెంచితే సరిపోతుందా? రే ట్రేసింగ్ సాఫ్ట్‌వేర్‌తో నా అనుభవం

ఓపెన్ ఆఫీసులో ఒకరి మాట పక్క సీటు వరకు ఎంత వినిపిస్తుందో ముందే లెక్కగట్టడానికి ఏళ్లుగా రే ట్రేసింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. సీలింగ్ విషయంలో దాన్ని ధీమాగా నమ్ముతాను. పార్టిషన్ అంచు దగ్గర మాత్రం చేత్తో ఓసారి లెక్క చూసుకోనిదే రిపోర్టు ఇవ్వను.

ఈ పద్ధతి శబ్దాన్ని తిన్నని గీతలుగా చూస్తుంది. గీతలు అంచు దగ్గర వంగవు, శబ్దం వంగుతుంది. 125 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవే దాదాపు 2.7 మీటర్లు, అంటే పార్టిషన్ కంటే పెద్దది. ఈ వంపును లెక్కలోకి తీసుకునే డిఫ్రాక్షన్ ఆప్షన్ ఆన్‌లో లేకపోతే పార్టిషన్ వెనక లేని నిశ్శబ్దాన్ని చూపించేస్తుంది.

అడ్డు గోడ శబ్దాన్ని ఎంత తగ్గిస్తుందో చూపిస్తూ జపాన్ శబ్దశాస్త్రవేత్త మయెకావా 1968లో ఇచ్చిన గ్రాఫ్ చేతి లెక్కకు చాలు. ఇద్దరూ పార్టిషన్‌కు చెరోవైపు 1.5 మీటర్ల దూరంలో కూర్చున్నారు, నోరూ చెవీ నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తులో ఉన్నాయనుకోండి. 1.5 మీటర్ల పార్టిషన్ 1000 హెర్ట్జ్ దగ్గర సుమారు 10 డెసిబెల్స్ తగ్గిస్తుంది. 1.8 మీటర్లకు పెంచితే 15. కాగితం మీద భలే ఉంటుంది. కానీ 2.7 మీటర్ల ఎత్తులో గట్టి సీలింగ్ ఉంటే, దానికి తగిలి కిందికొచ్చే శబ్దం, పార్టిషన్ లేనప్పుడు నేరుగా వచ్చేదాని కంటే 3 డెసిబెల్స్ మాత్రమే తక్కువ. ఇక పార్టిషన్ ఎంత పెంచినా ఏం లాభం? అదే సీలింగ్ 90 శాతం శబ్దాన్ని పీల్చుకుంటే ఆ దారిలో ఇంకో 10 డెసిబెల్స్ పోతాయి. అప్పుడే పార్టిషన్‌కు పెట్టిన ఖర్చుకు అర్థం. ఈ రెండు దారుల పోటీని కళ్లకు కట్టినట్టు చూపించడంలో సాఫ్ట్‌వేర్‌కు తిరుగులేదు. క్లయింట్‌తో వాదన కూడా తప్పుతుంది!

ఓపెన్ ఆఫీసుల శబ్ద కొలతలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3382-3 ప్రకారం డిస్ట్రాక్షన్ డిస్టెన్స్ కూడా సాఫ్ట్‌వేర్ ఇస్తుంది, అంటే మాట స్పష్టతను కొలిచే ఎస్‌టీఐ 0.50 కంటే కిందికి పడిపోయే దూరం. ఇక్కడ జాగ్రత్త. ఈ అంకె మనం ఇచ్చే బ్యాక్‌గ్రౌండ్ నాయిస్ మీద బాగా ఆధారపడుతుంది. ఏసీ శబ్దం రెండు మూడు డెసిబెల్స్ మార్చి ఇస్తే చాలు, ఫలితం మారిపోతుంది. విచిత్రమేమిటంటే, ఆఫీసు ఎంత నిశ్శబ్దంగా ఉంటే ఆ దూరం అంత పెరుగుతుంది.

మోడల్ గీయడంలో పెద్ద కష్టం లేదు. కుర్చీలు, మానిటర్లు గీస్తూ కూర్చోకండి, టేబుళ్లు చాలు. నాలుగు సీట్ల మధ్య ఒక పార్టిషన్ కోసమైతే ఇదంతా దండగ, గ్రాఫ్‌తో పనైపోతుంది. ఫ్లోరంతా డిజైన్ చేసేటప్పుడు, అదీ సీలింగ్ ఇంకా ఖరారు కాకముందు, దీన్ని కొనొచ్చు.